పద్నాలుగు రోజుల పేపర్లు చాలు
జర్నలిజం పీజీపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తెలుగు మీడియంలో బీకాం చేశాను. ఉస్మానియాలో జర్నలిజం పీజీకి పనికొస్తానా? సెంట్రల్ యూనివర్సిటీకి కూడా అదే పరీక్షా? – నల్లగొండ పాఠకుడు

జవాబు: పనికొస్తారు. డిగ్రీ ఏదైనా సరే. కానీ పరీక్షలు వేరు. ఉస్మానియాకు సీపీగెట్ (తెలంగాణ వర్సిటీల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు కోత లేదు. కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకండి. హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీలో ఎం.ఏ. కమ్యూనికేషన్‌కు సీయూఈటీ-పీజీ (సెంట్రల్ వర్సిటీల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష). 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు పోతుంది. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదివి దాని సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి.

డిగ్రీ ఫలితాలొచ్చాక చూద్దాంలే అనుకుని చాలామంది సీయూఈటీ-పీజీని పోగొట్టుకుంటున్నారు. దాని దరఖాస్తులు చలికాలంలోనే మొదలై ముగుస్తాయి. పరీక్ష రాసేస్తే పని అయిపోదు కూడా. స్కోరు వచ్చాక వర్సిటీ సైట్‌లో విడిగా దరఖాస్తు పెట్టాలి.

ప్రశ్న: ఎంసీజే (జర్నలిజం పీజీ) రెండో ఏడాది. 'తెలుగు పత్రికల్లో తాగునీటి సమస్య' అని పరిశోధన సినాప్సిస్ (ప్రతిపాదన) ఇస్తే, మరీ విశాలంగా ఉందని గైడ్ తిప్పిపంపారు. ఏడాది పేపర్లన్నీ చదవాలా? – ఖమ్మం పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. మీ గైడ్ చెప్పింది నిజం. అది అంశమే కానీ ప్రశ్న కాదు. 'ఖమ్మం జిల్లా పేజీల్లో తాగునీటి వార్తల్లో మాట్లాడేది ఎవరు, అధికారులా, నీళ్లు మోసుకునేవాళ్లా?' అని అడిగి చూడండి. రెండు పత్రికలు, ఒక ఏడాది. అక్కడికి పని మీ చేతిలోకి వస్తుంది.

ఇక శాంపిల్. వరసగా రెండు వారాల పేపర్లు తీసుకుంటే, ఆ రోజుల్లో వరదో ఎన్నికలో వచ్చాయంటే లెక్కంతా అటే ఒరిగిపోతుంది. ప్రతి ఏడో రోజు తీసుకుంటే ఎప్పుడూ సోమవారమో, మంగళవారమో ఒకటే వస్తుంది. సోమవారం పేపరే చూడండి, ముందురోజు ఆఫీసులకు సెలవు కాబట్టి సమీక్షల వార్తలు పలచబడతాయి. అందుకే సోమ, మంగళ అంటూ ఏ వారానికి ఆ వారం చీటీలు వేయాలి. ఏడాదిలోని సోమవారాలన్నిటికీ తేదీలు రాసి రెండు చీటీలు తీయండి. మంగళవారాలకూ అంతే, ఆదివారం దాకా అంతే. మొత్తం 14 తేదీలు, రెండు పత్రికలకు 28 సంచికలు. దినపత్రికల ఏడాది వార్తలను అంచనా వేయడానికి ఇలా కూర్చిన రెండు వారాలు సరిపోతాయని పరిశోధనలు తేల్చాయి. పండగ సెలవు వల్ల ఆ రోజు పేపరు రాకపోతే, అదే వారం చీటీల నుంచి ఇంకొకటి తీయండి. ఏ ఎడిషనో ప్రతి సంచికకూ రాసుకోండి. ఈ-పేపరులో పొరపాటున పక్క జిల్లా పేజీలు తెరిచి రోజంతా కోడింగ్ (ప్రతి వార్తలో మాట్లాడింది ఎవరో గుర్తించి రాసుకోవడం) చేసేసేవాళ్లున్నారు.

'తాగునీటి వార్త' అంటే ఏమిటో ముందే ఖాయం చేయండి. శీర్షికలోనో మొదటి పేరాలోనో తాగునీటి ప్రస్తావన ఉంటేనే లెక్క. కలెక్టర్ సమీక్ష వార్తలో ఐదో పేరాలో నీళ్ల మాట వస్తే అది లెక్కలోకి రాదు. ఈ గీత గీయకపోతే మొదటి రోజు ఒకలా, పదో రోజు ఇంకోలా కోడ్ చేస్తారు.

వైవాలో (మౌఖిక పరీక్షలో) పట్టుకునేది మాత్రం ఇంకొకటి. కొన్ని వార్తలను మీతో సంబంధం లేకుండా మీ క్లాస్‌మేట్ చేత కోడ్ చేయించాలి. 40 వార్తల్లో 34 కలిశాయనుకోండి. 85 శాతం, బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ 30 వార్తలకు 'అధికారి', 10కి 'ఇతరులు' అని వేసి ఉంటే, కళ్లు మూసుకుని వేసినా 62.5 శాతం కలుస్తాయి. ఆ కాకతాళీయం తీసేసి లెక్కించేదే కోహెన్ కప్పా: 85లోంచి 62.5 తీసేసి, దాన్ని 100లోంచి 62.5 తీసేయగా మిగిలిన 37.5తో భాగించండి. 0.60 వస్తుంది. అది చాలదు. 0.80 ఉంటే నిశ్చింత. తక్కువైతే అంకె దిద్దకండి, నిర్వచనం దిద్దండి. చాలాసార్లు తేడా ఒక్కచోటే ఉంటుంది: సర్పంచ్ అధికారా, ఇతరులా? అది తేల్చి మొత్తం మళ్లీ కోడ్ చేయండి. వారం పోతుంది, పోనివ్వండి.

ప్రశ్న: ఎం.ఏ. చదువుతుండగానే యూజీసీ నెట్ (అధ్యాపకుల అర్హత పరీక్ష) రాయొచ్చా? – విజయనగరం పాఠకురాలు

జవాబు: ఆఖరి ఏడాదిలో రాయొచ్చు. జర్నలిజం సబ్జెక్టు కోడ్ 63. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 3 గంటలు, కోత లేదు. కాకపోతే ఫలితం వచ్చిన రెండేళ్లలోపు పీజీ పూర్తిచేసి 55 శాతం చూపించాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50. 54.9ని 55గా సర్దరు. ఇంటర్నల్ మార్కులను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పేది ఇందుకే.