నా వల్ల కాదనిపిస్తోంది, నాకు విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పిల్లల కోసం టీచర్ ఉద్యోగం మానేశాను, మళ్ళీ చేద్దామంటే ధైర్యం చాలట్లేదు. ఒక స్కూల్ వాళ్ళు డెమో క్లాస్‌కి పిలిస్తే ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి ఎగ్గొట్టేశాను. సండే స్కూల్ తీసుకోమని పాస్టర్‌గారు అడుగుతుంటే అదీ తప్పించుకుంటున్నా. చిన్నప్పట్నుంచీ నాన్న అక్కతో పోల్చి నన్ను తక్కువ చేసేవారు, ఇప్పుడు మా ఆయన "నీకెందుకులే ఇవన్నీ" అంటారు. ఉపవాస ప్రార్థనలు కూడా చేశాను, భయం పోవట్లేదు. నాకు విశ్వాసం లేదా? దేవుడికి నా మీద కోపమా?

జవాబు: వందనాలు సిస్టర్. మీరు చివర్లో అడిగినదానికి ముందు చెప్తా, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ నలిపేస్తోంది అదే అనిపించింది. మీ మీద మీకు నమ్మకం లేకపోవడం వేరు, దేవుడి మీద లేకపోవడం వేరు. మన ప్రసంగాల్లో చాలాసార్లు ఈ రెంటినీ కలిపేస్తారు, దాంతో అసలే భయపడుతున్న మనిషికి ఈ భయం కూడా పాపమేమో అన్న ఇంకో భయం పట్టుకుంటుంది. బైబిల్లో మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకుని యేసయ్య దగ్గరికి తీసుకొచ్చిన తండ్రి ఉన్నాడు కదా, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అని రెండూ ఒకే గుక్కలో అనేశాడు, యేసయ్య ఆయన్ని ముందు విశ్వాసం సరిచేసుకుని రా పో అని పంపెయ్యలేదు, అప్పటికప్పుడు ఆ పిల్లాణ్ణి బాగుచేసి చెయ్యి పట్టి లేపాడు.

ఇప్పుడు నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు తీరిగ్గా కూర్చుని చదవండి, మీ ఉత్తరం అక్కడ ముందే రాసి ఉన్నట్టు అనిపిస్తుంది. ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్ళమని దేవుడు అంటే మోషే మొదట అన్న మాట, నేనెంతటివాణ్ణి అని. దానికి దేవుడు ఏమన్నాడో చూడండి. నువ్వు రాజు ఇంట్లో పెరిగినవాడివి మోషే, నీకేం తక్కువ అని ఉండొచ్చు, అబద్ధం కూడా కాదు. కానీ అలా అనలేదు. "నిశ్చయముగా నేను నీకు తోడైయుందును" అన్నాడు, అంతే. మోషే అక్కడితో ఊరుకున్నాడా అంటే లేదు, వాళ్ళు నా మాట నమ్మరన్నాడు, నాకు నోటి మాంద్యం, మాట సరిగ్గా రాదు అన్నాడు, ఆఖరికి ఇంకెవర్నైనా పంపు అనేశాడు. అప్పుడు దేవుడికి కోపం వచ్చింది, 4:14లో ఉంది, మీరు భయపడేది సరిగ్గా దానికే కాబట్టి దాచను. అయితే ఆ కోపంలో ఆయన చేసిన పని అదే వచనంలో ఉంది, మీ అన్న అహరోను బాగా మాట్లాడగలడు, నిన్ను కలవడానికి వస్తున్నాడు అని తోడు ఇచ్చాడు. అప్పగించిన పని వెనక్కి తీసుకోలేదు. ఇంకో సంగతి, ఆ భయం అంతటితో పోలేదు, 6వ అధ్యాయం చివర్లో కూడా మోషే మళ్ళీ అదే మాట అంటున్నాడు, తర్వాతి అధ్యాయంలో 80 ఏళ్ళ వయసులో వెళ్ళి ఫరో ముందు నిలబడ్డాడు.

అందుకే మీ ప్రార్థన కొంచెం మార్చి చూడమంటాను. ఇప్పటిదాకా ప్రభువా భయం తీసెయ్యి అప్పుడు వెళ్తా అని అడుగుతున్నారు, ఇకనుంచి భయంగానే ఉంది, అయినా వెళ్తున్నా, తోడు రా అని అడగండి. కొంతమంది మీకు "నేను సమస్తమును చేయగలను" అని రోజూ పదిసార్లు అనుకోమని చెప్పే ఉంటారు, ఫిలిప్పీ 4:13. అది అపొస్తలుడు పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాసింది, ఆకలైనా కడుపు నిండినా ఉన్నదాంతో ఉండడం నేర్చుకున్నాను అని చెప్పిన వెంటనే వచ్చే మాట. అంత లోతైన మాటని ఇంటర్వ్యూ మంత్రంలాగా వాడితే ఒకసారి ఫెయిలవగానే దేవుడి మీదే నమ్మకం పోతుంది, నాకు అది ఇష్టం ఉండదు.

నాన్నగారి విషయం. 1 సమూయేలు 16లో కొత్త రాజుని ఎంచడానికి వచ్చిన ప్రవక్త సమూయేలు ముందు యెష్షయి ఏడుగురు కొడుకుల్ని వరసగా నిలబెట్టాడు, చిన్నవాడు దావీదుని పిలవనే లేదు, ఇంకెవరైనా ఉన్నారా అని సమూయేలు అడిగాక గానీ గొర్రెల దగ్గర ఇంకొకడున్నాడు అని నోరు విప్పలేదు. సమూయేలంతటివాడే పెద్దవాడు ఏలీయాబుని చూసి ఇతనే అనుకున్నాడు. అంటే కన్నతండ్రి లెక్క కూడా తప్పొచ్చు సిస్టర్. నాన్నగారి మీద కోపం పెంచుకోమని నేను అనట్లేదు, ఆయన అన్న మాటలు ఉన్నవున్నట్టు ప్రార్థనలో దేవుడితో చెప్పుకోండి, ఏడుపొస్తే ఏడవండి, కీర్తనల్లో దావీదు చేసింది అదే.

ఇక చెయ్యాల్సిన పనులు. పాస్టర్‌గారికి సండే స్కూల్ ఒప్పుకుంటున్నానని చెప్పండి, కానీ మొదట్లో పక్కన అనుభవం ఉన్నవాళ్ళు ఉండాలని అడగండి, మీ అహరోను అన్నమాట, అడగడంలో సిగ్గేం లేదు. పిల్లలకి ఒక కథ చెప్పడంతో మొదలుపెట్టండి చాలు. డెమో విషయంలో చెప్పిన అబద్ధం ఒప్పుకుని ప్రార్థన చేసి వదిలెయ్యండి, రోజూ తవ్వుకోకండి, ఆ స్కూల్‌కి ఫోన్ చేసి ఇంకో తారీఖు ఇస్తారేమో అడగండి, కుదరదంటే ఇంకో స్కూల్‌కి అప్లై చెయ్యండి. ఈసారి ముందుగా ఒక స్నేహితురాలి ఎదుట ఆ పాఠం చెప్పి చూసుకోండి.

మీ ఆయనతో గొడవగా కాదు గానీ తప్పకుండా మాట్లాడాలి. పిల్లలు పడుకున్నాక, మీరు ఆ మాట అన్నప్పుడు నాకు ఇలా అనిపిస్తోంది అని సూటిగా చెప్పండి. ఇల్లు ఎలా నడుస్తుందో అన్న బెంగ ఆయనకి ఉందేమో, అదైతే కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు. అలా కాకుండా కావాలని చులకన చేస్తున్నారంటే మాత్రం లోబడి ఉండాలి కదా అని దిగమింగకండి, ఎఫెసీ 5లో భర్తకి చెప్పింది క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు ప్రేమించమని. మీ ఇద్దరూ గౌరవించే పెద్దవాళ్ళెవరినైనా కూర్చోబెట్టి మాట్లాడండి.

ఒక్కటి అడగాలి. నిద్ర పట్టకపోవడం, ఏమీ తినబుద్ధి కాకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం లాంటివి ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌ని కలవండి, మందులు వాడితే విశ్వాసం తగ్గినట్టని ఎవరన్నా పట్టించుకోకండి. ప్రవక్త ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి ముందు తినమంది, నిద్రపోనిచ్చి మళ్ళీ లేపి తినమంది, మాటలు ఆ తర్వాత. మీకు నిద్ర ఎలా పడుతోందో ఉత్తరంలో రాయలేదు, ఈసారి తప్పకుండా రాయండి.