అక్క రుణం వేరు, బాబు స్పీచ్ వేరు

ఉత్తరం: నా వయసు 25. అమ్మానాన్న లేరు. ఇంటర్ నుంచి గుంటూరులో అక్కాబావల దగ్గరే ఉండి చదువుకున్నాను. బీటెక్ ఫీజులు బావగారే కట్టారు. కాలేజీలో డిబేట్లు బాగా చేసేదాన్ని. ఈ సెలవుల్లో లక్ష్మీపురంలో హైస్కూలు పిల్లలకు మూడు వారాల డిబేట్ క్యాంపులో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తున్నాను. పదో తరగతి రాసిన అక్క కొడుకు నా బ్యాచ్‌లోనే చేరాడు. ఇంట్లో క్రికెట్ గురించి గంటలు వాదించేవాడు, అక్కడ లేచి నిలబడితే రెండు నిమిషాలకే ఆగిపోయి వెనక వరస వైపు చూస్తాడు. అక్క రోజూ పదకొండింటికి వచ్చి అక్కడ కూర్చుంటుంది. చివరి రోజు తల్లిదండ్రుల ముందు జరిగే డిబేట్‌లో వాణ్ణి టీములోకి తీసుకోవాలని, అదీ మూడో స్పీకర్‌గా పెట్టాలని పట్టుబట్టింది. చివరి మాట వాడిదైతే బాగుంటుందట. నేను నసిగితే ‘మా ఇంట్లో పెరిగి మా పిల్లాడికి ఆ మాత్రం చేయలేవా’ అంది. దాంతో ప్రాక్టీస్ రౌండ్‌కి వాడి స్పీచ్ రాత్రి కూర్చుని నేనే రాసిచ్చాను. బ్యాచ్‌లో ఒకమ్మాయి అది నా భాషేనని గుర్తుపట్టి కోఆర్డినేటర్‌కి చెప్పింది. ఆయన నన్నింకా అడగలేదు. అక్కకు కోపం వస్తే నాకు పుట్టిల్లంటూ ఉండదు. పది రోజుల్లో బాబుచేత ఎనిమిది నిమిషాలు తడబడకుండా మాట్లాడించడం ఎలాగో చెప్పండి.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీరు అడిగినదానికి జవాబు చిన్నదే. పది రోజుల్లో బాబుచేత ఎనిమిది నిమిషాలు మాట్లాడించలేరు. ఆ ప్రయత్నం ఈ రోజుతో మానేయండి. వాడి గొంతు బాగానే ఉంది, బుర్ర బాగానే ఉంది. సరిచేసుకోవాల్సింది మీకూ మీ అక్కయ్యకూ మధ్య ఉంది. ‘కోపం వస్తే పుట్టిల్లు ఉండదు’ అన్న ఒక్క వాక్యం కోసమే మీరు ఈ ఉత్తరం రాశారని నాకనిపిస్తోంది.

ముందు ఆ మూడో స్పీకర్ సంగతి చూద్దాం. అక్కయ్యకు తెలియకపోవచ్చు గానీ మీకు తెలుసు. వరల్డ్ స్కూల్స్ అనే డిబేట్ పద్ధతిలో ఒక్కో టీములో మాట్లాడే ముగ్గురికీ ఎనిమిదేసి నిమిషాలే అయినా ముగ్గురి పనీ ఒకటి కాదు. ప్రపోజిషన్ (అంశాన్ని సమర్థించే టీము) మొదటి స్పీకర్ తన మాటలు దాదాపు అన్నీ ముందే సిద్ధం చేసుకోవచ్చు, ఎందుకంటే అతనికి ముందు ఎవరూ మాట్లాడి ఉండరు. మూడో స్పీకర్‌కి ఆ వెసులుబాటు ఉండదు. అప్పటికి నాలుగైదు స్పీచ్‌లు అయిపోయి ఉంటాయి. వాటన్నిటినీ విని, అసలు పేచీ ఏ రెండు మూడు చోట్ల ఉందో తేల్చి, ఒక్కోచోట ఎదుటివాళ్ల వాదన ఎందుకు నిలవదో అప్పటికప్పుడు చెప్పాలి. రాత్రి ఇంట్లో రాసిన కాగితం అక్కడ ఎందుకూ పనికిరాదు. పైగా అక్కయ్య అనుకుంటున్నట్టు చివరి మాట మూడో స్పీకర్‌ది కాదు. ముగింపుగా వచ్చే నాలుగు నిమిషాల రిప్లై స్పీచ్ మొదటి స్పీకరో రెండో స్పీకరో ఇవ్వాలి, మూడో స్పీకర్ ఇవ్వకూడదు.

పోనీ మొదటి స్పీకర్‌గా పెడదామా అంటారేమో. నిమిషానికి 130 మాటల లెక్కన ఎనిమిది నిమిషాలంటే వెయ్యి మాటల పైచిలుకు. అంత బట్టీ పట్టిన పిల్లాడికి ఒక్క మాట జారితే వెనక ఉన్నవన్నీ జారతాయి. కాగితం చూసి చదివాడా, మొదటి నిమిషం దాటగానే ఎదుటి బల్ల నుంచి పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ కోసం, అంటే మధ్యలో చిన్న ప్రశ్న వేయడానికి లేస్తారు. ఏడో నిమిషం దాకా లేస్తూనే ఉంటారు. పదిహేను సెకన్ల ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పి మళ్లీ కాగితం మీదికి వస్తే ఎక్కడ ఆగాడో దొరకదు. చాలామంది పిల్లలు కుప్పకూలేది సరిగ్గా అక్కడే. స్కోర్ షీట్‌లో విషయానికి నూటికి 40, చెప్పే తీరుకు 40, వ్యూహానికి 20 అని మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. తల దించుకుని చదివినవాడికి ఆ రెండో 40లో ఏం వస్తుంది? ప్రశ్నలు తీసుకోకుండా తప్పించుకుంటే మూడోదాంట్లోనూ కోత పడుతుంది. అందరు తల్లిదండ్రుల ముందు బాబు పరువు పోయేది అక్కయ్య ముచ్చటపడుతున్న ఆ చోటులోనే.

ఇక అక్కయ్య. మీరు రాసినదాంట్లో నన్ను పట్టి ఆపింది వెనక వరస. బాబు ఆగిపోయినప్పుడు చేతిలో కాగితం వైపు చూడడు, మీ వైపూ చూడడు, తల్లి కూర్చున్న వైపు చూస్తాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ‘ఏం చదువుతావు నాన్నా’ అని వాణ్ణి అడిగితే ఎవరు జవాబు చెబుతారో ఒకసారి గుర్తుచేసుకోండి. అక్కయ్యే అయితే, పదిహేనేళ్లుగా వాడి వాక్యాన్ని పూర్తి చేస్తున్నది ఆమే. ఇప్పుడు మీరు స్పీచ్ రాసిచ్చారు. ఆ ఇంట్లో వాడి తరఫున మాట్లాడేవాళ్లు ఇద్దరయ్యారు.

అక్కయ్య మీకు తల్లిలాంటిది, కాదనను. చదివించిన బావగారికి, అన్నం పెట్టిన అక్కకు మీరు జీవితాంతం కృతజ్ఞతగా ఉండాలి. మధ్యలో ‘నా బతుకు నా ఇష్టం’ అనేవాళ్లంటే నాకు గౌరవం లేదు. కానీ రుణం తీర్చేది సొంత సొమ్ముతో. టీములో చోటు మీ సొమ్ము కాదు. అది రోజూ ఎండలో పడి వస్తున్న మరో పిల్లదో పిల్లాడిదో. అది తీసి అక్క కొడుక్కి ఇస్తే అక్కయ్య బాకీ తీరదు, ఊరివాళ్ల పిల్లలకు కొత్తగా బాకీ పడతారు. ‘మా ఇంట్లో పెరిగి’ అన్న మాట అక్కయ్య అనకూడనిది. పెట్టిన అన్నాన్ని ఎత్తి చూపడం పెద్దరికం కాదు. ఆ మాటకు మీకు కన్నీళ్లు వచ్చి ఉంటాయి. అయినా ఆ రాత్రి కూర్చుని స్పీచ్ రాశారు చూడండి, అది మాత్రం మీ తప్పే.

అక్కయ్యతో మాట్లాడాల్సింది మీరే. బావగారిచేత చెప్పిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. అది ఆమెను ఆమె ఇంట్లోనే తక్కువ చేసినట్టు అవుతుంది, ఆ గాయం ఏళ్లు గడిచినా మానదు. రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నప్పుడూ వద్దు, బాబు వింటుండగా అసలే వద్దు. మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు, ఆవకాయ ముక్కలు తుడుస్తూనో బట్టలు మడతపెడుతూనో చెప్పండి. చేతులకు పనుంటే కళ్లలోకి చూడక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది. ‘అక్కా, బాబును నేను టీములోకి తీసుకోను. వాడి మార్కులు కూడా ఇకనుంచి నేను వేయను. స్పీచ్ నేను రాసిచ్చానని సార్‌కి చెప్పేస్తున్నాను. నీకు ముందు చెప్పాలని చెబుతున్నా.’ ఇంతే. క్షమాపణలూ సంజాయిషీలూ చుట్టూ పేర్చకండి, పేర్చిన ప్రతిదాన్నీ పట్టుకుని ఆమె బేరానికి దిగుతుంది. ‘ఇంత చేస్తే ఇదా నువ్విచ్చేది’ అంటుంది. అననివ్వండి. అప్పుడు ఫీజుల లెక్క మీరు ఎత్తకండి, మీరు ఇంట్లో చేసిన చాకిరీ లెక్కా ఎత్తకండి. రేపు నీ పెళ్లికి ఎవరు నిలబడతారన్న మాట వస్తే దానికీ జవాబు చెప్పకండి.

కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. మీరు మాత్రం పొద్దున్నే ఆమెకు కాఫీ కలిపివ్వడం మానకండి. తోడబుట్టినదాన్ని పుట్టింటికి రావొద్దనడానికి ఏ అక్కకూ ఒక క్యాంపు డిబేట్ సరిపోదు. ఈ నెల జీతం రాగానే అందులోంచి ఇంటి ఖర్చుకు ఇంత అని ఆమె చేతికే ఇవ్వండి, ఇకపై ప్రతి నెలా అలాగే ఇవ్వండి. మొదటిసారి తీసుకోదు, దేవుడి దగ్గర పెట్టి రండి. సొంతంగా నాలుగు రూపాయలు ఇచ్చే మనిషి ఆ ఇంట్లో నోరు విప్పడానికి ఇంత భయపడదు. కోపంతో పెట్టె సర్దుకుని బ్రాడీపేటలో హాస్టల్‌కి పోతానని మాత్రం అనకండి.

బాబు సంగతి. వాణ్ణి రేపే మరో ఇన్‌స్ట్రక్టర్ బ్యాచ్‌కి మార్పించండి. వాడి కొత్త టీచర్‌కి ఈ నాలుగు మాటలూ చెప్పండి. ఎనిమిది నిమిషాల ఊసు ఎత్తొద్దు. మొదట తొంభై సెకన్లు, ఒకే పాయింటు: ఏమంటున్నాడు, ఎందుకు, ఉదాహరణ ఏమిటి, అయితే ఏమిటి. అది రెండు రోజులు వరసగా ఆగకుండా వస్తే మూడు నిమిషాలు, రెండు పాయింట్లు. తెల్లకాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క ఇవ్వాలి. దాని మీద వాక్యాలు రాయకూడదు, పాయింటుకు నాలుగైదు మాటలు చాలు. మాట్లాడేది ఇంగ్లీషులోనే అయినా ఆలోచన తెలుగులో చేసుకోనివ్వండి. క్రికెట్ మీద గంటలు వాదించేవాడికి వాదన రాకపోవడం ఉండదు. మనసులో తెలుగు వాక్యం సిద్ధంగా ఉన్నా దానికి సరైన ఇంగ్లీషు వెతుక్కుంటూ ఆగిపోతున్నాడేమో చూడాలి. అదే అయితే చిన్న చిన్న వాక్యాలు చెప్పమనాలి, వ్యాకరణం తప్పితే మధ్యలో ఎవరూ దిద్దకూడదు.

అన్నిటికంటే ముందు వాడిచేత ప్రశ్నలు వేయించాలి. ఇతరుల స్పీచ్ జరుగుతుండగా లేచి పదిహేను సెకన్లలో ఒక ప్రశ్న, రౌండ్‌కి కనీసం రెండు. మాట్లాడడానికి భయపడే పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. ప్రశ్న ఒక్క వాక్యమే కాబట్టి మధ్యలో ఆగిపోయే అవకాశం తక్కువ. పైగా ప్రశ్న వేయాలంటే వినాలి. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు ఎదుటివాళ్లు అన్నది, కుడివైపు తన జవాబు రాసుకునే అలవాటు దాంతోపాటే వస్తుంది. వచ్చే ఏడు నిజంగా మూడో స్పీకర్ కావాలంటే కావాల్సింది ఆ మడత కాగితమే.

చివరి రోజు వాడికి వేదిక మీద చోటు ఉండాలనుకుంటే డిబేట్ నడిపే చైర్‌పర్సన్‌గానూ టైమ్‌కీపర్‌గానూ కూర్చోబెట్టమని అడగండి. మోషన్ (డిబేట్ అంశం) చదవాలి, స్పీకర్లను పేరు పెట్టి పిలవాలి, మొదటి నిమిషానికి ఒక గంట, ఏడో నిమిషానికి ఒకటి, ఎనిమిదికి రెండు కొట్టాలి. ఏడో నిమిషం గంట ఆలస్యమైతే స్పీకర్ ముగింపు పాడవుతుంది కాబట్టి అది ఉత్తుత్తి పని కాదు. ఇస్తే సంతోషం. ఇవ్వకపోతే వాడు కింద కూర్చుని చూస్తాడు, దాంతో వాడికి వచ్చే నష్టమేమీ లేదు. క్లాసులో తల్లిదండ్రులెవరూ కూర్చోకూడదన్న నియమం కూడా పెట్టమనండి, అందరికీ వర్తించేలా. గేటు దగ్గర దింపి, పన్నెండున్నరకు వచ్చి తీసుకెళ్తే చాలు. గుంటూరు మే నెల ఎండలో అక్కయ్యకూ అదే మంచిది.

ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. విన్నది జాగ్రత్తగా గమనించి, ఆధారం చూసుకుని, చెప్పాల్సినవాళ్లకు చెప్పింది. మీరు క్లాసులో నేర్పేది అదే కదా. ఈ విషయం తేలేదాకా ఆమె రౌండ్లకు కూడా మీరు మార్కులు వేయకపోవడం మంచిది. తక్కువ వేస్తే కక్ష అంటారు, ఎక్కువ వేస్తే భయం అంటారు.

కోఆర్డినేటర్ అడిగేదాకా ఆగకండి. జడ్జికి ఒక టీముతో బంధుత్వం ఉంటే ముందే చెప్పి ఆ రౌండ్ నుంచి తప్పుకోవడం డిబేట్లు చేసినవాళ్లందరికీ తెలిసిన ఆచారం. మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. రేపు క్లాసు మొదలయ్యేలోపు వెళ్లి నాలుగు విషయాలు చెప్పండి: బాబు మీ అక్క కొడుకు, స్పీచ్ మీరే రాశారు, ఇకపై వాడి రౌండ్లకు మార్కులు మీరు వేయరు, ఫైనల్ టీము ఎంపికలో కూర్చోరు. మీరు వేసిన పాత మార్కులు కూడా మరొకరితో చూపించుకోమనండి. ఆయన మిమ్మల్ని ఈ ఏడు ఆపేయొచ్చు కూడా, అలా జరిగితే ఒప్పుకుని రండి. స్పీచ్ రాసిన కాగితాలు ఇంకా ఉంటే చింపకుండా వెంట తీసుకెళ్లండి.