షెడ్డు ఉంటుందా పోతుందా? మావాడికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది రాజాం. చాలా ఏళ్లుగా టూవీలర్ మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. మా గుంటడు ఈ ఏడాది పది పాసయ్యాడు, పాలిసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. నేను మెకానికల్ తీసుకోమంటున్నాను. వాడేమో "రేపటి నుంచి అన్నీ బ్యాటరీ బళ్లే, నీ షెడ్డే ఉండదు నాన్నా" అంటున్నాడు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఆరు నెలల ఈవీ కోర్సు, ఫీజు 65 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారట, వాడి మనసు అటే ఉంది. ఏం చేయమంటారు? నేను కూడా అప్పు చేసి లిథియం బ్యాటరీలు రిపేరు చేసే మెషిన్ కొందామనుకుంటున్నాను.

జవాబు: అన్నగారూ, ముందుగా ఆ 65 వేలు ఎవరి చేతిలోనూ పెట్టకండి. మీవాడికి ఇప్పుడు పదిహేనో పదహారో ఉంటాయి. ఆరు నెలల తర్వాత ఎంత సర్టిఫికెట్ పట్టుకెళ్లినా, పద్దెనిమిది నిండని పిల్లాడిని పేరున్న కంపెనీ ఏదీ మామూలుగా ఉద్యోగంలోకి తీసుకోదు. మరి ఆ గ్యారంటీ ఏ ఉద్యోగానికి? ఫోన్ చేసి మీరే అడగండి: ఏ కంపెనీ, ఏ ఊళ్లో, నెలకు ఎంత, కాగితం మీద రాసిస్తారా, సర్టిఫికెట్‌కు ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉందా లేక వాళ్లే ప్రింటు కొట్టించుకున్నదా అని. రాసిస్తామని చెప్పేవాళ్లు తక్కువ. ఇలాంటి కోర్సులన్నీ మోసమని నేననను, డిప్లొమా అయిపోయినవాడు పనిలో ఉంటూ చేస్తే కొన్ని పనికొస్తాయి, కానీ పది పాసైన పిల్లాడికి అది పునాది కాదు.

ఇక మీ తండ్రీకొడుకుల వాదన సంగతి. వాడు చెప్పింది సగం నిజం. 2024-25లో దేశంలో అమ్ముడైన టూవీలర్లలో బ్యాటరీవి నూటికి ఆరు దాకా ఉన్నాయి. అంటే మిగతా తొంభై నాలుగూ పెట్రోలువే, అవి ఇంకో పది పన్నెండేళ్లు మీ షెడ్డుకు వస్తూనే ఉంటాయి. అదే ఆటోలు, ఈ-రిక్షాలు చూస్తే కథ వేరు, కొత్తగా అమ్ముడవుతున్న మూడు చక్రాల బళ్లలో సగానికి పైగా బ్యాటరీవే. కాబట్టి షెడ్డు రేపు మూతపడదు, కానీ అందులో జరిగే పని మారుతుంది. ఇది మీకు నేను చెప్పాలా? 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ నిబంధన వచ్చి చాలా బళ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ బళ్లు వచ్చినప్పుడే సగం ట్యూనింగ్ పని చేతుల్లోంచి పోయి స్కానర్ కొనాల్సి వచ్చింది కదా. బ్యాటరీ బండితో ఇంజిన్ ఆయిలు, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు కూడా పోతాయి. టైర్లు, బ్రేక్ షూలు, బేరింగులు, షాక్ అబ్జార్బర్లు మాత్రం ఎక్కడికీ పోవు, మన రోడ్లు ఉన్నంత కాలం అవి ఇంకా ఎక్కువే వస్తాయి.

బ్రాంచి విషయంలో మాత్రం నేను మీ మాటకూ వాడి మాటకూ మధ్యలో నిలబడి చెబుతున్నాను, ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) తీసుకోండి. మెకానికల్ చెడ్డది కాదు, కానీ ఆ చేతిపని వాడికి మీ షెడ్డులోనే దొరుకుతుంది, మీకంటే బాగా ఏ లెక్చరరూ నేర్పలేడు. మీ షెడ్డులో దొరకనిది కరెంటు చదువు. మోటారు ఎలా తిరుగుతుంది, ఏసీని డీసీగా, డీసీని ఏసీగా ఎలా మారుస్తారు, ఎర్తింగ్ ఎందుకు, కంట్రోలర్‌లో ఏముంటుంది, ఇవన్నీ ట్రిపుల్ఈలో వస్తాయి. కోర్సు పేరులో ఈవీ అని ఉందా లేదా అని చూడకండి. ఈ-రిక్షాల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీలు చూశాం, తర్వాత స్కూటర్లలో ఎన్‌ఎంసీ అనే లిథియం బ్యాటరీ వచ్చింది, ఇప్పుడు ఎల్‌ఎఫ్‌పీ అనే ఇంకో రకం లిథియం బ్యాటరీ పెరుగుతోంది, పిల్లాడు డిప్లొమా ముగించేలోపు ఇంకేదో రావచ్చు. ఓల్టు, ఆంపియరు లెక్క వచ్చినవాడు దేన్నయినా నాలుగు రోజుల్లో పట్టుకుంటాడు.

ఒక్క ఉదాహరణ చెబుతాను, మీకు వెంటనే అర్థమవుతుంది. ఎనభై కిలోమీటర్లు వచ్చే బండి నలభైకే ఆగిపోతోందని ఒకాయన వస్తాడు. ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లో ఒక్కో సెల్లు సుమారు 3.2 ఓల్టులు, అలాంటివి వరసగా 16 కలిపితే 51.2 ఓల్టులు. ఆ పదహారింటిలో ఒక్కటి నీరసపడినా చాలు, దాని ఓల్టేజి ముందుగా పడిపోగానే బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్) మొత్తం ప్యాక్‌ను కట్ చేసేస్తుంది, మిగతా పదిహేనింటిలో చార్జి ఉన్నా సరే. బండి ఓనరు బ్యాటరీ పోయిందనుకుని కొత్తదానికి వేలకు వేలు పోయడానికి సిద్ధపడతాడు. ఒక్కోసారి సెల్లు కూడా కాదు, వాన నీళ్లకో ఉప్పు గాలికో పచ్చగా చిలుము పట్టిపోయిన కనెక్టరు అయి ఉంటుంది, కళింగపట్నం, భీమిలి వైపు బళ్లకు ఇది మామూలే. లేదంటే హబ్ మోటారులో (చక్రంలోనే ఉండే మోటారు) అది ఎక్కడ తిరుగుతోందో చెప్పే హాల్ సెన్సరు పోయి బండి జెర్క్ కొడుతూ ఉంటుంది. వీటిని కొలిచి పట్టుకునేవాడికి మన ఊళ్లో గిరాకీ ఉంటుంది, ఊరికే పార్టు మార్చేవాడికి కాదు.

ట్రిపుల్ఈ అంటే స్కూటర్లే కాదు, ఇది మీవాడికి కూడా చెప్పండి. మన దగ్గర కరెంటు ప్రయాణం కొత్త సంగతి కూడా కాదు, మీ జిల్లాలోని కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు లైను 1980ల మొదట్లోనే కరెంటు లైనయింది, ఆ ఘాట్‌లో ఇనుప ఖనిజం బళ్లు లాగుతున్నవి ఎలక్ట్రిక్ ఇంజిన్లే. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజిన్ డ్రైవరుకు సహాయకుడు) పోస్టుకు పది తర్వాత ఐటీఐ చేసినవాళ్లూ, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాళ్లూ అర్హులే. ఎలక్ట్రిక్ బస్సులు వచ్చిన డిపోలో చార్జర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకునేవాళ్లు కావాలి. అంత దూరం ఎందుకు, ఇంట్లో స్కూటరు చార్జింగ్ పెట్టుకునేవాళ్లలో ఎంతమందికి సరైన ఎర్తింగ్ ఉంది? ఫ్యాన్లకు వేసిన పాత సన్న వైరు మీదే రాత్రంతా చార్జి పెట్టేస్తున్నారు. ఈ వైరింగ్ పనే ఒక వ్యాపారం. (2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేక జనం పడ్డ అవస్థ చూసినవాళ్లు బ్యాటరీ బండి కొనడానికి ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, అదీ న్యాయమే.)

ర్యాంకుకు దగ్గర్లో ట్రిపుల్ఈ రాకపోతే టెన్షన్ పడకండి. వెబ్ ఆప్షన్లలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ముందు పెట్టండి, ఆ తర్వాతే ప్రైవేటువి. అదీ కుదరకపోతే ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు. మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అని రెండేళ్ల ట్రేడు కూడా ఉంది, మీకు దగ్గరి ఐటీఐలో అది ఉందా, ఉంటే వర్క్‌షాపులో నిజంగా బండి, బ్యాటరీ ఉన్నాయా లేక బోర్డు మీద బొమ్మలేనా అని వెళ్లి కళ్లతో చూడండి. డిప్లొమా అయ్యాక చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, దారి మూసుకుపోదు.

ఇంకో మాట, ఇది తల్లికి నచ్చదు కానీ చెప్పక తప్పదు. మొదటి ఉద్యోగానికి పిల్లాడు ఊరు దాటాలి. స్కూటర్ ఫ్యాక్టరీలు హోసూరు, కృష్ణగిరి వైపు, చిత్తూరు వైపు ఉన్నాయి, కార్లది పెనుకొండ. మన జిల్లాల వాళ్లకు వలస కొత్తేం కాదు, కాకపోతే ఈసారి చేతిలో చదువుతో, అప్రెంటిస్‌గా వెళ్తాడు. రెండు మూడేళ్లు కంపెనీలోనో పెద్ద సర్వీస్ సెంటర్లోనో పనిచేయనివ్వండి. ఎందుకంటే పెద్ద కంపెనీల బళ్లకు డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ వాళ్ల డీలర్ల దగ్గరే ఉంటుంది, బయటి మెకానిక్ చేతికి రాదు, వారంటీ ఉన్నంతకాలం ఓనరు కూడా మీ దగ్గరికి రాడు. లోపల పనిచేసి వచ్చినవాడికి ఆ బండి గుట్టు తెలుస్తుంది. తిరిగొచ్చి షెడ్డులో కూర్చుంటాడా లేదా అన్నది అప్పుడు వాడిష్టం, ఇప్పటి నుంచే "నా షెడ్డు నువ్వే చూసుకోవాలి" అని మెడకు కట్టకండి. సెలవుల్లో మాత్రం పిలవండి, కూలి ఇచ్చి పిలవండి, మొహమాటం లేకుండా పని నేర్పండి.

చివరగా మీ మెషిన్. అప్పు చేసి ఇప్పుడే కొనకండి. బ్యాటరీ ప్యాక్ విప్పడమంటే ఇంజిన్ విప్పడం కాదు. 48 ఓల్టులకు షాక్ పెద్దగా తగలకపోవచ్చు, కానీ స్పానరు జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే వచ్చే మంటకు చెయ్యి కాలుతుంది, లిథియం ప్యాక్ అంటుకుంటే ఆర్పడం కష్టం, పక్కనే మీ షెడ్డులో పెట్రోలు డబ్బాలుంటాయి. కార్ల ప్యాక్‌ల జోలికి అసలే వెళ్లొద్దు, చాలా కార్లలో అవి 300 ఓల్టులకు పైనే ఉంటాయి, ప్రాణం మీదకు వస్తుంది. ప్రస్తుతానికి ఒక మంచి మల్టీమీటరు, డీసీ కూడా కొలిచే క్లాంప్ మీటరు, ఇన్సులేషన్ ఉన్న స్పానర్లు, రబ్బరు గ్లౌజులు చాలు. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. వారంటీ అయిపోయిన ఈ-రిక్షాలు, లోకల్‌గా బిగించిన స్కూటర్లతో మొదలుపెట్టండి, వాటి వైరింగ్, కంట్రోలరు, త్రాటిల్ వరకే చూడండి. ప్యాక్ లోపలి పని వస్తే డీలరు దగ్గరికి పంపేయండి.