పాత టేకు: ధర, ఉలి సమస్య

కొత్త టేకు ధర ఎక్కువని, పాత టేకు గుమ్మం ముక్కని చెక్క తిప్పే యంత్రమైన లేత్‌కి ఎక్కించగానే ఉలి అంచు విరిగిందన్నారు కదా, లోపల మేకు మిగిలిపోయి ఉంటుంది. కొత్త టేకు కొనక్కర్లేదు.

1. ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మేచోట విరిగిన కిటికీ చట్రాలు, మంచం కోళ్లు అడగండి. పొట్టి ముక్కలు ఇంకెవరికీ పనికిరావు, బేరం కుదురుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: కోసే ముందు గట్టి అయస్కాంతాన్ని నాలుగు వైపులా ఆనించి నెమ్మదిగా జరపండి. తల తెగిన మేకు పైకి కనబడదు. చుట్టూ నల్లమరక ఉంటే అక్కడ ఇంకోసారి చూడండి. ఇత్తడి స్క్రూలు అయస్కాంతానికి అంటవు, వాటిని కంటితోనే వెతకాలి. ముక్కని రెండుగా కోశాక మళ్లీ అయస్కాంతం పెట్టండి, దయచేసి.

3. పాత రంగులో సీసం ఉండొచ్చు. తడిపి గీకండి, మాస్కు తప్పనిసరి.