కాపీ సగంలోనే ఆగిపోతోందా?

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పటి వీడియోలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి, మొత్తం 340 జీబీ. లాప్‌టాప్ నిండిపోయిందని 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని అందులోకి ఎక్కిస్తున్నాను. మొదట బాగానే వెళ్తుంది. కాసేపటికి డిస్క్ ఊడదీసినప్పుడు వచ్చే శబ్దం వచ్చి డ్రైవ్ మాయమైపోతుంది. వైరు తీసి పెడితే మళ్ళీ కనిపిస్తుంది. ఒక్కోసారి పావుగంటకే అలా అవుతుంది, ఒక్కోసారి గంటకి. చిన్న ఫైళ్ళు మాత్రం చక్కగా వెళ్తున్నాయి. కొత్త డిస్కే పాడైందా? కట్ చేసి పేస్ట్ చేస్తున్నాను, ఏమైనా పోయి ఉంటాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దామండీ, అదే తొందరైనది. ఇక మీదట కట్ వద్దు, కాపీ మాత్రమే చేయండి. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి కట్ చేసినప్పుడు విండోస్ ఆ ఫైల్‌ని ముందు కాపీ చేసి, అది అయ్యాక అసలుదాన్ని చెరిపేస్తుంది. సగంలో ఆగిన వీడియో మీ లాప్‌టాప్‌లో ఇంకా ఉంటుంది. దానికంటే ముందు వెళ్ళినవి మాత్రం ఇప్పుడు ఆ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేవు. వాటిని తెరిచి మొదలూ, మధ్యా, చివరా ఆడించి చూడండి. డ్రైవ్ మాయమయ్యే ముందు ఆఖరుగా వెళ్ళినవాటిని మరీ జాగ్రత్తగా చూడండి. బాగున్నవాటిని వెంటనే ఇంకెక్కడైనా ఒక కాపీ పెట్టుకోండి. ఏదైనా ఆడకపోతే లాప్‌టాప్‌లోకి కొత్తగా ఏమీ ఎక్కించకుండా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి. లాప్‌టాప్‌లో ఉన్నది పాత తరహా హార్డ్ డిస్క్ అయితే చెరిగిన ఫైల్ దొరికే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే ఆశ చాలా తక్కువ.

ఇక డిస్క్ సంగతి. నేను రికవరీ పనిలో ఉన్నప్పుడు ఇలాంటి డిస్క్ తెచ్చినవాళ్ళని మొదట ఒకటే అడిగేదాన్ని: ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగుతోందా, ఎక్కడపడితే అక్కడ ఆగుతోందా? ఒకే ఫైల్ దగ్గర ఆగితే ఆ ఫైల్ ఉన్న చోటో, అది వెళ్ళాల్సిన చోటో డిస్క్‌లో చెడిన సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) ఉందని అనుమానించాలి. మీకు ఒకసారి పావుగంటకి, ఒకసారి గంటకి ఆగుతోంది. డ్రైవ్ మొత్తం మాయమై, వైరు మళ్ళీ పెడితే వస్తోంది. ఇవి ఎక్కువగా వైరూ, కరెంటూ పెట్టే ఇబ్బందులు. చిన్న ఫైళ్ళు వెళ్ళిపోవడానికి కారణం కూడా అదే. ఆ కాస్త సేపు డిస్క్ ఓర్చుకుంటుంది. గంటసేపు ఆగకుండా రాయమంటే బలహీనత బయటపడుతుంది.

యూఎస్‌బీ 2 పోర్ట్ ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. వేరే అడాప్టర్ లేని చిన్న డిస్కులు ఈ కరెంటుతోనే తిరగాలి. మధ్యలో హబ్ పెట్టి దానికే మౌసూ, కీబోర్డూ తగిలిస్తే డిస్క్‌కి చాలదు. హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్ యూఎస్‌బీ 3 పోర్ట్‌లో పెట్టండి, లాప్‌టాప్‌ని చార్జర్ మీద ఉంచండి. డెస్క్‌టాప్ వాడేవాళ్ళు ముందువైపు పోర్టులు వదిలేసి వెనకవైపువి వాడాలి.

తర్వాత వైరు. చాలా డిస్కులకి మధ్యలో నొక్కు ఉండే వెడల్పాటి, పల్చటి పిన్ ఉంటుంది. ఈ పిన్ మీద నాకు ఎప్పుడూ అనుమానమే, తొందరగా వదులైపోతుంది. కాపీ ఏదీ నడవనప్పుడు డిస్క్‌ని బల్ల మీద కదలకుండా ఉంచి, పిన్‌ని మాత్రం వేలితో మెల్లగా అటూ ఇటూ తాకండి. లైటు ఆరి వెలిగినా, ఆ శబ్దం వచ్చినా దొంగ దొరికినట్టే. పొట్టిగా, మందంగా ఉన్న వేరే వైరుతో చూడండి. తిరుగుతున్న డిస్క్‌ని మాత్రం ఎత్తకండి, జరపకండి.

విండోస్ కూడా తనంతట తాను పోర్ట్‌ని నిద్రపుచ్చుతుంది. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని డిసేబుల్ చేయండి, కాపీ అయ్యేదాకా స్లీప్‌ని నెవర్‌లో పెట్టండి, మూత మూయకండి.

ఇవన్నీ చేసినా ఆగితే ఊహించుకుంటూ కూర్చోవద్దు, విండోస్ రాసి పెట్టుకున్నది చదవండి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కి, ఆగిన సమయం దగ్గర డిస్క్ పేరుతో ఉన్న వరసలు చూడండి. ఆ వరసలో ఈవెంట్ ఐడీ 157 అంటే డ్రైవ్ ఉన్నట్టుండి ఊడిపోయిందని. అది మళ్ళీ వైరూ, కరెంటూ వైపే చూపిస్తుంది. 153 అంటే ఒకసారి కుదరక మళ్ళీ ప్రయత్నించిందని. 7 ఉంటే చెడిన బ్లాక్ ఉన్నట్టు. అలాంటప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అన్న రెండు వరసలు చూడండి. కొత్త డిస్క్‌లో అవి సున్నా కాకపోతే వారంటీ ఉండగానే మార్పించుకోండి. లోపల టక్కుటక్కుమని కొట్టుకుంటుంటే ఏ పరీక్షలూ వద్దు, వెంటనే ఆపేయండి.

కాపీకి ఎక్స్‌ప్లోరర్ కంటే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ నయం. కమాండ్ ప్రాంప్ట్‌లో రోబోకాపీ అని కొట్టి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న ఫోల్డర్లు ఇచ్చి, చివర స్లాష్ ఈ, స్లాష్ జెడ్ పెట్టండి. ఈ అంటే లోపలి ఫోల్డర్లతో సహా. జెడ్ అంటే ఆగిన ఫైల్‌ని ఆగిన చోటు నుంచి అందుకోవడం. ఆగితే అదే కమాండ్ మళ్ళీ ఇవ్వండి, పూర్తయినవాటిని అదే వదిలేస్తుంది. స్లాష్ ఆర్ కోలన్ 3, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 కూడా చేర్చండి. లేకపోతే ఒక ఫైల్ మొరాయించినప్పుడు 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. ఎమ్ఐఆర్ అనే ఆప్షన్ జోలికి మాత్రం వెళ్ళకండి. అసలు చోట లేని ఫైళ్ళని అది డిస్క్‌లోంచి చెరిపేస్తుంది. మీరు ఇప్పటికే కట్ చేసినవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

అంతా వెళ్ళాక కూడా లాప్‌టాప్‌లోవి అప్పుడే చెరపకండి. ఈ వీడియోలు మళ్ళీ తీయగలిగేవి కావు. ఇంకో డిస్క్‌లో రెండో కాపీ పెట్టి, రెండూ ఆడుతున్నాయని చూసుకున్నాకే లాప్‌టాప్ ఖాళీ చేయండి.

ప్రశ్న: నా డ్రైవ్‌లో ఇంకా బోలెడంత ఖాళీ ఉంది. అయినా 6 జీబీ ఫైల్ ఒక్కటి పెట్టబోతే చాలా పెద్దదని తిప్పికొడుతోంది. మిగతావన్నీ వెళ్తున్నాయి.

జవాబు: డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి, ఫ్యాట్32 అని ఉంటుంది. డ్రైవ్‌లో ఫైళ్ళని అమర్చే పద్ధతుల్లో అదొకటి. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ వరకే ఉండాలి, ఎంత ఖాళీ ఉన్నా అంతే. ఉన్నవన్నీ వేరే చోటికి తీసి, ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, అందుకే తీయమంటున్నాను. విండోస్ మాత్రమే వాడేవారైతే ఎన్‌టీఎఫ్ఎస్ కూడా బాగుంటుంది.

ప్రశ్న: మా డిస్క్‌లో కాపీ ఆగదు కానీ, సెకనుకి 110 ఎంబీతో మొదలై కాసేపటికి 15కి పడిపోతుంది. ఆపేసి మళ్ళీ మొదలుపెట్టమంటారా?

జవాబు: వద్దండీ, నడవనివ్వండి. ఇప్పటి ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చాలావాటిలో ట్రాకుల్ని ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా రాస్తారు, దాన్నే ఎస్ఎమ్ఆర్ అంటారు. వచ్చిన డేటాని డిస్క్ ముందు ఒక చిన్న భాగంలో గబగబా రాసుకుని, తర్వాత సర్దుకుంటుంది. ఆ భాగం నిండితే రాయడమూ, సర్దడమూ ఒకేసారి చేయాలి కాబట్టి వేగం పడిపోతుంది. పెద్ద ఫోల్డర్‌ని ముక్కలుగా పంపి, మధ్యమధ్య కాసేపు వదిలేస్తే తేరుకుంటుంది. కాపీ పూర్తయిందని తెర మీద కనిపించాక కూడా లైటు మిణుకుమంటుంటే సర్దడం ఇంకా అయిపోలేదని; అది నెమ్మదించాక ఎజెక్ట్ కొట్టి వైరు తీయండి.