కోట పక్కన నువ్వు నిలబెట్టే గోడ గురించి

అమ్మడూ,

విజయనగరం కోట దగ్గర మ్యూజియానికి ముందు గోడంతా సిరామిక్ టైల్స్‌తో డిజైన్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా టేపు పట్టుకుని సైటంతా పరిగెత్తిన పిల్ల, 1713లో పునాది పడిన కోట పక్కన గోడ నిలబెడుతోందంటే గుండె నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

రంగుల సంగతి నీకే బాగా తెలుసు. కాకపోతే శాంపిల్‌ని ఏసీ గదిలో చూసి ఓకే అనకు. పెద్ద చెరువు గట్టున పెట్టి ఎండలో ఒకసారి, తడిపి ఒకసారి చూడు. మ్యూనిక్‌లో 2009లో తెరిచిన బ్రాండ్‌హోర్స్ట్ మ్యూజియానికి 23 రంగుల్లో 36,000 సిరామిక్ కడ్డీలు పెట్టారు. అవి గోడకి అతికించినవి కావు, రేకు ముందు ఎడంగా నిలబెట్టినవి. ఆ ఎడమే నీకు కావాల్సింది.

ఎందుకంటావా? నా ముప్పై ఐదో ఏట శ్రీకాకుళంలో ఒక మూడంతస్తుల బిల్డింగ్ పడమటి గోడకి టైల్స్ వేయించాను. ఓపెనింగ్ దగ్గర పడింది. మేస్త్రీ టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అతికించేస్తున్నాడు. చూసి కూడా ఊరుకున్నాను. సందు లేకపోతే అందంగా ఉంటుందని చెప్పింది కూడా నేనే. కాల్చిన మట్టి తేమ పీల్చి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పెరుగుతుంది, ఎండకీ సాగుతుంది. వెనక సిమెంటేమో ఆరి ముడుచుకుంటుంది. సందే లేకపోతే ఆ పెరిగేది ఎటు పోతుంది? మూడో వేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఒక టైల్ ఊడిపడింది. కింద ఒకావిడ తాటిముంజెలు అమ్ముతోంది. ఆవిడకి మూరెడు దూరంలో పడి, పెంకు ఎగిరి బుట్టలోని ముంజెలో దిగింది. తెల్లటి ముంజె, దాంట్లో నేను ఏరి ఏరి తెచ్చిన నీలం పెంకు. నేను వెళ్ళేసరికి ఆవిడ వణుకుతోంది. "బాబూ, నా మనవడు ఇప్పుడే లేచెళ్ళాడు" అంది. తర్వాత నాణెంతో గోడంతా కొట్టి చూస్తే సగం టైల్స్ బోలుగా మోగాయి. మొత్తం పీకించేశాను.

అందుకే, పైన ఉండే ఏ టైలూ ఒక్క జిగురు మీదే ఆగకూడదు. పట్టాలు, క్లిప్పులు, వెనక గాలి ఆడే ఖాళీ, మధ్యలో సందు ఉండాలి. క్లిప్పులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువే అడుగు, మనది ఉప్పుగాలి తగిలే ప్రాంతం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో నీకు చెప్పాలా? గోడ ఎంత గాలికి తట్టుకోవాలన్న లెక్క తగ్గించమని ఎంత పెద్దవాళ్ళు అడిగినా ఒప్పుకోకు. నీ ఉద్యోగం పోతే నేనున్నాను.

పైడితల్లి అమ్మవారి పండగలో సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేటప్పుడు అక్కడ ఇసకేస్తే రాలదు. నువ్వు నా భుజాలెక్కి చూసింది కూడా అక్కడే కదా.

తిట్టినట్టు రాశానేమో, ఏమీ అనుకోకమ్మా. డ్రాయింగుల మీద పడి తిండి మానేయకు. మొదటి శాంపిల్ ప్యానెల్ బిగించే రోజు ఫోన్ చెయ్యి. మోకాళ్ళ నొప్పులున్నా వస్తాను. ప్రతి క్లిప్పూ ఒకసారి చేత్తో లాగి చూసుకోవాలి నేను.

నీ మావయ్య