గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లు

చిరంజీవి మేనల్లుడికి,

శ్రీకాకుళం నుంచి మీ అత్త దీవించి రాయునది.

మీ వార్డులో కట్టే లైబ్రరీ ప్లాను ఫోన్లో చూశాను. ముందు అద్దాల గోడ, మధ్యలో పెద్ద హాలు, చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఎవరు ఏ వేళకి వచ్చి ఎక్కడ కూర్చుంటారో నాకు అందులో కనబడలేదురా.

నేను పనిచేసిన ఒక లైబ్రరీలో పేపర్ల బల్ల సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉండేది. పొద్దున్నే ఆరేడుగురు మగాళ్లు పేపర్లు విప్పుకుని కూర్చునేవారు. ఆడపిల్లలు మెట్టెక్కి, లోపలికి తొంగిచూసి, చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్లిపోయేవారు. వాళ్లకి చదువు మీద ధ్యాస లేదనుకున్నాను, నా తెలివి అలా ఏడిచింది. బల్లని పక్క వరండాలోకి లాగించాక చూడు, సభ్యుల రిజిస్టర్లో ఆడవాళ్ల పేర్లు పడ్డం మొదలెట్టాయి. నువ్వూ పేపర్లకి వరండా వెయ్యి. పేపర్లు చదివేవాళ్లని దాటుకుని లోపలికి వెళ్లే పని ఉండకూడదు. మరుగుదొడ్డి సంగతి మరిచిపోకు. అది లేనిచోట ఆడవాళ్లు గంట కూర్చోరు.

పోటీ పరీక్షల పిల్లలకి వేరే గది కావాలి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మన వైపు కుర్చీలు చాలవు. సొంత పుస్తకాలు, టిఫిన్ బాక్సు తెచ్చుకుని రాత్రిదాకా కదలరు. ఆ గదికి బయటి నుంచే తలుపు పెడితే, మిగతా భవనానికి తాళం వేసినా వాళ్లు చదువుకుంటారు. చిన్నపిల్లల మూల మాత్రం వీళ్లకి దూరంగా పెట్టు. కథ చెబితే పిల్లలు అరుస్తారు, అరవాలి కూడా.

ఇక ఆ అద్దాల గోడ తీసెయ్యి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, నేనున్న చోట అద్దాల కిటికీ పగిలి రెండు బీరువాల పుస్తకాలు తడిసిపోయాయి. నెల రోజులు ఫ్యాను కింద కూర్చుని పేజీ పేజీ విడదీశాను. ఒక నిఘంటువు ఇటుకలా బిగుసుకుపోయి ఇంక తెరుచుకోలేదు. చెక్క తలుపుల కిటికీలు, వాటిపైన బాగా ముందుకొచ్చిన సన్‌షేడు చాలు. బీరువాలు గోడకి జానెడు ఎడంగా ఉండాలి, చెదలు పడితే కంటికి కనబడాలి. ఇంటి గది నేల మీద చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కేస్తే, పుస్తకాల గదికి 600కి తగ్గకూడదు. ఇంజినీరువి, నీకు తెలియనిదా, అయినా చెబుతున్నాను.

కథానిలయం లాంటిది కడతానన్నావు. కథలు రాసిన కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో దాన్ని తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పెట్టారు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు. నీ లైబ్రరీకి వచ్చేది పక్క వీధివాళ్లు.

ఒకసారి ఒక ముసలావిడ పింఛను కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి, "సదువు రానోళ్లు రాకూడదేటమ్మా?" అంది. ఆవిడా ఇంటిపన్ను కడుతోంది, దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నూ కడుతోంది. నా కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి కాగితం నింపిపెట్టాను. మర్నాడు ఇంకో ముగ్గురు వచ్చారు. దరఖాస్తులు నింపడానికి నీ ప్లానులో ఒక బల్ల, రెండు కుర్చీలు ఎక్కడ వేస్తావో గీసి పంపు, చూస్తాను.

మీ అత్త